జల్లెడ కరిగిందా

డాక్టర్ ఫూ గారికి,

రెండేళ్ల క్రితం మీరు తలకు ఆపరేషన్ చేసిన తెక్ హొక్ భార్యను. టోవా పాయో మార్కెట్లో మాది చికెన్ రైస్ కొట్టు. నిచ్చెన మీంచి పడ్డప్పుడు ఆయన పుర్రెకు పడిన చిల్లులో మీరు జల్లెడలాంటి బిళ్ల పెట్టారు. రెండేళ్లలో అది కరిగిపోతుందని, దాని కన్నాల్లో ఆయన సొంత ఎముకే పెరుగుతుందని చెప్పారు.

అప్పటినుంచి ఆయన బియ్యం బస్తా ఎత్తలేదు. నేను నోరు తెరిస్తే చాలు, తల పట్టుకుని, "అరవకే తల్లీ, జల్లెడ కదిలిపోద్ది" అంటాడు. రెండేళ్లుగా నేను అరవలేదు. పక్క కొట్టువాళ్లు నాకేదో జబ్బు చేసిందనుకుంటున్నారు.

పోయిన నెల స్కాను తీశారు. ఫలితం కనుక్కుందాం రమ్మంటే, "కొందరికి పదేళ్లకిగానీ కరగదంట" అంటున్నాడు. కాబట్టి అది కరిగిపోయిందని మీ ముద్ర వేసి కాగితం ఇప్పించండి. కొట్టు గోడకు అంటిస్తాను.

నెలనెలా ఆయన జుట్టు కత్తిరించేది నేనే. ఆ చోట వేలితో నొక్కి చూస్తుంటాను. గట్టిగానే ఉంది. కానీ నా వేలు చదువుకున్నది కాదు.

ఒకవేళ ఎముక పెరగకపోతే కాగితం వద్దు. ఆయనకు చెప్పకుండా నాకు ఫోన్ చేయండి. బస్తాలు నేనే మోస్తాను. అరవను కూడా.