తుబ్లీ బురదలో పెద్దపాదం

బుదైయా,
నవంబరు 9

లోవరాజు గారికి నమస్కారం.

మనం ఒకరినొకరు చూసుకోలేదు. నా పేరు కృష్ణప్రసాద్. మనామాలో ఒక బీమా ఆఫీసులో పని. ప్రతి శుక్రవారం ఈ గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళం కొందరం కలిసి నడకకు వెళ్తాం. ఆ సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే, ఇంకెవరూ ఒప్పుకోలేదు. మీ వడ్రంగి షాపుకీ మా ఆఫీసుకీ భోజనం పంపే బేబి గారు మీ పేరు చెప్పారు. విషయం రహస్యం. వాట్సాప్‌లో పెడితే మధ్యాహ్నానికల్లా ఆ చివరనున్న మామీర్ దాకా పాకిపోతుంది. అందుకే ఈ ఉత్తరాన్ని ఆవిడ క్యారేజీలో పెరుగు గిన్నె కింద పెట్టి పంపుతున్నాను.

మొన్న పొద్దున మీ షాపు వెనక తీరాన నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బురద మీద అడుగులు చూశాను. ఒక్కొక్కటీ మూరెడు. ముందు ఐదు వేళ్ళు! అమెరికా అడవుల్లో జనం కెమెరాలు పట్టుకుని వెతుకుతారే, మనిషిలా రెండు కాళ్ళ మీద నడిచే వెంట్రుకల జీవి, ఆ పెద్దపాదం గురించి నాలుగేళ్ళుగా చదువుతున్నాను. అందరూ నవ్వుతారు. మా ఆవిడ సూర్యప్రభ నవ్వడం కూడా మానేసింది. మీరు అక్కడే ఉంటారు కనుక ఆ బురద మీద ఒక కన్నేసి ఉంచండి.

ఇట్లు,
కృష్ణప్రసాద్

తా.క.: అడుగు కొలుస్తుంటే ఒక ముంగిస వచ్చి నా సంచిలోంచి ఇడ్లీ పొట్లం లాక్కుపోయింది. చట్నీ మాత్రం వదిలేసింది. చట్నీ నేనే చేశాను.

తుబ్లీ,
నవంబరు 11

కృష్ణప్రసాద్ గారికి లోవరాజు దండాలండి.

ఉత్తరం అందిందండి. పెరుగు అంటింది గానీ చదువుకున్నాను. ఆయ్, మాది తాళ్ళరేవు దగ్గరండి. నేనేం చూడలేదండి. ఆ బురదలో దిగకూడదని బోర్డుంది. దిగినోణ్ణి పట్టుకుంటే కంపెనీకి చెప్పి ఊరికి పంపించేస్తారంట. నేను మటుకు దిగలేదండి. తమరు అడక్కపోయినా చెప్తున్నాను.

మా అమ్మ పోయి రెండు నెలలైందండి. సెలవివ్వలేదు. దినం నాడు మా తమ్ముడు పిండం పెడితే సాయంత్రం దాకా కాకి ముట్టలేదంట. పెద్దకొడుకు రాలేదని ఆవిడ అలిగిందన్నారంట ఊళ్ళో. అది విన్న కాణ్ణించి నాకు అన్నం సయించట్లేదండి. శుక్రవారం డ్యూటీ ఉండదు గదా, ఆ ఒడ్డున కూర్చుని కాకుల వంక చూస్తుంటాను. అంతేనండి, ఇంకేం లేదు.

తమరి విధేయుడు,
లోవరాజు

తా.క.: వచ్చే శుక్రవారం తమరు రాకపోతే బాగుంటదండి. కాకులు బెదిరిపోతున్నాయి.

బుదైయా,
నవంబరు 16

లోవరాజు గారికి,

మీ అమ్మగారి సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఇక అసలు విషయానికి వస్తాను.

శుక్రవారం ఏడుగురం వచ్చాం. కొత్త అడుగులున్నాయి! ఒడ్డు నుంచి మడచెట్ల దగ్గర మెరక దాకా వెళ్ళి, తిరిగి వచ్చాయి. బోర్డు గురించి నేను అడక్కుండానే చెప్పారంటే మీరు దాన్ని చూశారు, భయపడి దాస్తున్నారు. కాకులు బెదిరేది కూడా దాన్ని చూసే. ఇంకో ఆధారం: అడుగుల పక్కన నల్ల నువ్వులు, నాలుగు మెతుకులు దొరికాయి. కాబట్టి అది శాకాహారి. మా కార్యదర్శి జస్వంత్ ఈ మాట పుస్తకంలో ఎక్కించాడు.

ఉత్సాహంతో,
కృష్ణప్రసాద్

తా.క.: ఒక ఫ్లెమింగో ఒంటికాలి మీద నిలబడి జస్వంత్‌నే గంటసేపు చూసింది. అది పడలేదు. రెండు కాళ్ళున్న జస్వంత్ పడ్డాడు.

తుబ్లీ,
నవంబరు 18

అయ్యా, కృష్ణప్రసాద్ గారికి,

తమరు పెద్ద చదువులు చదివినోరు. నేను చెప్తే బాగోదు గానీ, అలాంటిదేదన్నా ఉంటే గింటే అది మా సిగ్గరిదై ఉంటదండి. గోల పడదు దానికి. నలుగురు కనబడితే రాదు. దాని బాధేదో దానికి ఉండే ఉంటది, వదిలెయ్యండి. నాలుగు శుక్రవారాల నుంచి చూస్తున్నాను, ఒక్క కాకి కూడా కిందికి దిగలేదు. పొద్దున లేస్తే అమ్మ మొహమే కళ్ళల్లో ఉంటదండి.

లోవరాజు

తా.క.: నువ్వులు ఎందుకు వాడతారో తమరికి తెలియంది కాదు.

బుదైయా,
నవంబరు 20

లోవరాజు గారూ, దొరికిపోయారు!

సిగ్గరిదని చూడకుండా ఎలా తెలుస్తుందండీ? దానికి ఏదో బాధ ఉందని కూడా కనిపెట్టారు. ఇంత దగ్గరగా దాన్ని చూసిన మనిషి ఇంకెక్కడా ఉండడు. రేపు పొద్దున ఇరవైమందిమి వస్తున్నాం. దాని జాతి అరుపులు జస్వంత్ ఎక్కడో సంపాదించాడు. పెద్ద స్పీకరులో పెడతాం.

మీ మిత్రుడు,
కృష్ణప్రసాద్

తా.క.: నువ్వుల గురించి మంచి మాట గుర్తుచేశారు. ఎరగా వెయ్యడానికి సూర్యప్రభ డబ్బా నిండా నువ్వులుండలు చేసింది. చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడింది కూడా.

తుబ్లీ,
నవంబరు 23

కృష్ణప్రసాద్ గారికి,

ఇంక దాచలేనండి. తమరి పెద్దపాదం నేనే.

ప్లైవుడ్ ముక్కలు కోసి కాళ్ళకి కట్టుకున్నాను. అలా అయితే బురదలో దిగబడం. మా మడ అడవిలో మా అమ్మ పీతలకి అలాగే వెళ్ళేది. బురద పట్టి లాగకుండా చెక్క ముందు ఐదు గాట్లు పెట్టాను, అవే తమరి ఐదు వేళ్ళు. షాపు దగ్గర పిండం పెడితే పిల్లులు తినేస్తున్నాయి. కాకులు వాలేది ఆ మెరక మీదే. అన్నం వండిచ్చేది బేబి గారే. ఆవిడకి అంతా తెలుసు. నవ్వాలో ఏడవాలో తెలీక మన ఉత్తరాలు మోస్తున్నారు.

మొన్న పిండం పెట్టి చెట్ల చాటుకెళ్ళాను. ఒక కాకి దిగిందండి. చుట్టూ రెండుసార్లు తిరిగింది. ముక్కు వంచింది. అప్పుడు తమరి స్పీకరు అరిచింది. ఇంకేముంది, పోయింది. తరవాత జస్వంత్ గారు పాక్కుంటా మెరక మీదికొచ్చారు. ఆయన బూటు మా అమ్మ పిండం మీద పడింది. నేను చెట్ల వెనక పాయలో నడుం లోతు నీళ్ళలో కూర్చుని చూస్తానే ఉన్నాను. కేకేస్తే పట్టుకుంటారని నోరు మూసుకున్నాను. కన్నతల్లి ముద్ద తొక్కుతుంటే నోరు మూసుకున్నానండి. నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది.

తమర్ని తిట్టడానికి రాయలేదు. వచ్చే శుక్రవారం ఒక్కటీ నాకు వదిలెయ్యండి, దండం పెడతాను.

లోవరాజు

తా.క.: జస్వంత్ గారి బూటు ఒకటి బురదలో ఉండిపోయింది. కడిగి బేబి గారికిచ్చాను. క్యారేజీలో పెట్టలేదండి, విడిగానే ఇచ్చాను.

బుదైయా,
నవంబరు 30

తమ్ముడు లోవరాజుకి,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక వారం ఆగాను.

మొన్న సంఘాన్ని సఖీర్ ఎడారికి పంపేశాను. పెద్దపాదం అటు వలస పోయిందన్నాను. నమ్మేశారు. నేను మాత్రం వచ్చి రోడ్డు పక్కన కారులో కూర్చున్నాను. చప్పుడు చెయ్యలేదు, దగ్గు కూడా ఆపుకున్నాను. నువ్వు చెక్కలు కట్టుకుని వెళ్ళావు. పిండం పెట్టి, దండం పెట్టి, వీపు తిప్పి చెట్ల అవతల నిలబడ్డావు. చాలాసేపటికి తిరిగి చూస్తే అక్కడ ఏమీ లేదు. కాకి తిన్నదో, ఇంకేదైనా తిన్నదో తెలియక నువ్వు తల పట్టుకుని కూర్చోవడం చూశాను.

కాకే తిన్నది, లోవరాజూ. మెడ దగ్గర బూడిద రంగు కాకి. ముందు ఒక మెతుకు, తర్వాత ముద్దంతా. రెప్ప వెయ్యకుండా దుర్భిణిలోంచి చూశాను. నాలుగేళ్ళలో నా కళ్ళతో చూశానని ఒట్టు వేసి చెప్పగలిగింది ఇదొక్కటే. ఊరికి ఫోన్ చేసి చెప్పు. సాక్షిని నేనున్నాను.

నువ్వులు, మెతుకులు చేతిలో పట్టుకుని కూడా నాకు తట్టలేదు. తట్టకూడదనే అనుకున్నానేమో. కరోనా రెండో ఏడు మా అమ్మ పోయింది. విమానాలు లేవు. దినం ఇక్కడ సోఫాలో కూర్చుని ఫోన్‌లో చూశాను. కాకి రాలేదు. పిండం ఆవుకు పెట్టి కానిచ్చేశారు. ఆ నెలలోనే నేను పెద్దపాదం పుస్తకాలు కొనడం మొదలుపెట్టాను. ఎందుకని సూర్యప్రభ చాలాసార్లు అడిగింది. నిన్న రాత్రి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది.

నాకూ ఒక జత చెక్కలు చేసిపెడతావా? వచ్చే శుక్రవారం నీతో వస్తాను. నాకు బురదలో నడవడం రాదు, చెయ్యి పట్టుకోవాలి.

మీ అన్నయ్య,
కృష్ణప్రసాద్

తా.క.: రెండు జతల అడుగులు కనబడితే జస్వంత్ ఊరుకోడు. పెద్దపాదానికి తోడు దొరికిందని సంఘం పుస్తకంలో నేనే రాసేస్తాను.