రేగుకట్టె గాజు

8 నవంబర్ 2024, శుక్రవారం

మూడో అంతస్తు ఇంజనీరు సారు రియాద్‌కు ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కట్టెను తిప్పి చెక్కే చిన్న లేత్ మిషన్ ఒకటి నాకు వదిలాడు. పసిపిల్లంత ఉంది. పీరయ్యా, ఉంచుకుంటే ఉంచుకో, లేకపోతే పారెయ్ అన్నాడు. నాలుగు ఉలులు కూడా ఇచ్చాడు.

నేను ఈ బిల్డింగుకు హారిస్‌ని, అంటే వాచ్‌మన్‌ని. గేటు, మెట్లు కడగడం, నీళ్ళ మోటారు, ఇదే నా పని. అరవై దాటాక లేత్ నాకెందుకు? అయినా పారేయలేదు. మోటారు రూములో, గుడ్డ కప్పి పెట్టాను.

12 నవంబర్

ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. అన్నీ ఇంగ్లీషు. మాటలు వదిలేసి చేతులు చూస్తాను.

15 నవంబర్, శుక్రవారం, సాయంత్రం

మా వీధిలో చెట్ల కొమ్మలు నరికారు. ఇక్కడ సిదర్ అంటారు. దగ్గరికి పోయి చూస్తే రేగుచెట్టు. అదే ముల్లు, అదే ఆకు. ఇన్నేళ్ళు దాని పక్కనుంచే నడిచాను, గుర్తుపట్టలేదు. నాలుగు ముక్కలు తెచ్చుకున్నాను.

ఒకదాన్ని నలుపలకలుగా చెక్కి రెండు మొనల మధ్య బిగించాను. స్విచ్ వేశాను. తిరుగుతుంటే మధ్యలో గట్టి కట్టె కనబడుతుంది, దాని చుట్టూ మూలలు పొగలాగా కనబడతాయి. ఆ పొగలోకి ఉలి పెట్టాలి. పెడితే టకటకటక అని కొడుతుంది. కొట్టి కొట్టి, ఉన్నట్టుండి చప్పుడు మెత్తబడుతుంది. అంటే గుండ్రమైందని. నాకు తెలియకుండానే నవ్వాను.

తర్వాత ఉలి మొన లోతుకు దిగింది. కట్టె ఎగిరి నీళ్ళ ట్యాంకుకు తగిలింది. నా రూములో ఉండే ఇస్మాయిల్ పరుగెత్తుకొచ్చాడు. మా జగిత్యాల వాడే, రెండో అంతస్తు మామాకు డ్రైవరు. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు. "పీరన్నా, ఇది మిషనా, ఫిరంగా? ట్యాంకు మీద యుద్ధం పెట్టినవా?" అన్నాడు.

17 నవంబర్

ఉలిని ముందు మిషన్‌కున్న ఇనుప కమ్మీకి ఆనించి, వెనక భాగాన్ని కట్టెకు తాకించి, ఆ తర్వాత మొన దించాలి. ఇవాళ ఏదీ ఎగరలేదు.

22 నవంబర్, శుక్రవారం

రెండో అంతస్తు మామా చాలా ముసలామె. పళ్ళు లేవు. వంట చేసే సరళమ్మది కోనసీమ. ఆమె చేసిన పప్పు తప్ప మామా ఏదీ తినదట. గరిటె వీపుతో మెదిపీ మెదిపీ చెయ్యి పీకుతోందని, ఒక పప్పుగుత్తి చేసిపెట్టమని సరళమ్మ అడిగింది. మెట్ల మీద నిలబడి అడిగింది. నేను తల ఊపాను. ఆమె ముందు నాకు మాట రాదు. ఈ రెండేళ్ళలో ఒక్కసారీ సరిగ్గా రాలేదు.

25 నవంబర్

పప్పుగుత్తి ఇచ్చాను. తలకాయ కొంచెం వంకర.

1 డిసెంబర్

పగిలింది. పచ్చికట్టె మీద పనిచేశాను, ఆరేసరికి పొడుగునా విచ్చుకుంది. ఇస్మాయిల్ చెప్పాడు. ఇవాళ నేను మెట్లు కడగకుండా లిఫ్టు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఆమె ఎదురవుతుందని.

ఆమే కిందికొచ్చింది. "పగిలితే ఏవయ్యిందండీ పీరయ్యగారూ, పప్పు మెదుగుతోంది కదా. మామా రెండు గిన్నెలు తింది" అంది. ఒక సీసా ఇచ్చింది. అడుగున ఆవకాయ ముద్ద ఉందట. తన చెయ్యి దూరడం లేదట. దూర్చి చూపించింది కూడా. బొటనవేలి మొదట్లో ఇరుక్కుంది. చెయ్యి వెనక్కి లాక్కుని, సీసా నాకే వదిలి నవ్వుతూ వెళ్ళిపోయింది. చెయ్యి బోసిగా ఉంది. ఆమె మొగుడు పోయి చాలా కాలమైందని విన్నాను.

4 డిసెంబర్

మూడు రోజులు ఆవకాయతోనే అన్నం తిన్నాను. సీసా కడిగి కిటికీలో పెట్టాను.

13 డిసెంబర్

మిగిలిన కట్టె చివరలకు కొవ్వొత్తి మైనం పూసి, పొట్టులో కప్పెట్టాను. నిదానంగా ఆరాలి. తొందరపడితే మళ్ళీ విచ్చుకుంటుంది.

19 డిసెంబర్, పొద్దున 6

మంచు. రోడ్డవతల బకాలా, కిరాణా కొట్టు, కనబడటం లేదు. దాని బోర్డు ఒక్కటే పచ్చగా గాలిలో వేలాడుతోంది.

తెల్లవారుజామున కల. మొనల మధ్య నేనే తిరుగుతున్నాను. ఉలి ఎవరిదో తెలియదు. నొప్పి లేదు. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతోంది. ముందు మోకాళ్ళ నొప్పి రాలింది. తర్వాత ఇరవై ఏళ్ళ ఎండ రాలింది. చివరికి సన్నగా, తేలికగా ఏదో మిగిలింది. అది నేనేనా అని చూడబోతే మెలకువ వచ్చింది.

3 జనవరి 2025, శుక్రవారం

మామాను కొడుకు జెద్దాకు తీసుకుపోతాడట. ఈ నెలాఖరుకు. అక్కడ కోడలికి వేరే పనిమనిషి ఉంది. సరళమ్మకు ఖురూజ్ వీసా కొట్టించారట, ఇక పూర్తిగా ఇంటికే. ఇస్మాయిల్ అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. సగం అన్నం పళ్ళెంలోనే ఉంది.

4 జనవరి

రాసేస్తాను. ఎవరు చూస్తారు. ఆమె పోతే ఈ మెట్లు నాకు వద్దు. మిగిలిన రోజులు ఆమెతో ఉండాలని ఉంది. నా గంగవ్వ పోయి పదేళ్ళు దాటింది. మా ఊళ్ళో మారుమనువు ఉంది. మాట కలిశాక మగవాడు గాజు ఇస్తాడు. ఆమె తొడుక్కుంటే ఒప్పుకున్నట్టు. నాకు మాట రాదు కాబట్టి గాజే ముందు ఇవ్వాలి.

5 జనవరి

ఇస్మాయిల్‌కు తెలిసిపోయింది. నేను చెప్పలేదు. "సరళమ్మా సరళమ్మా అని తలకాయ వంచుకుంటనే ఉంటవు. ఆమె విమానం ఎక్కుతది, నువ్వు బకెట్ పట్టుకొని నిలబడతవు" అన్నాడు. తర్వాత మెల్లగా, కట్టె ఆరిందా అని అడిగాడు.

10 జనవరి, శుక్రవారం

కొలత కావాలి. చెయ్యి చూపించమని ఎట్లా అడగను? ఆవకాయ సీసా దించాను. దాని మూతి ఆమెకు బొటనవేలి దగ్గర బిగిసింది. దానికంటే గోరంత ఎక్కువ ఉంటే చాలు.

గాజుకు చెక్కను ఒకవైపే పట్టించి, ముందునుంచి లోపల తొలవాలి. తర్వాత బయట సన్నం చేయాలి. ఒకటి తొలిచేటప్పుడే విరిగింది. ఇంకొకటి పూర్తయ్యాక, ఊపిరి బిగబట్టి తీస్తుంటే రెండు ముక్కలైంది.

17 జనవరి, శుక్రవారం

వచ్చింది. ఉప్పుకాగితంతో రుద్దాను. తేనెమైనం పట్టించాను. రేగుకట్టె ఎర్రగా, ఒక పక్క పాల గీత. తిప్పితే గీత ఎక్కడ మొదలైందో తెలియదు. అరచేతిలో బరువే లేదు.

వారమంతా జేబులో పెట్టుకునే తిరుగుతానేమో.

24 జనవరి, శుక్రవారం, మధ్యాహ్నం

మామా నిద్రపోయింది. సరళమ్మ చెత్త సంచి తీసుకుని కిందికొచ్చింది. సంచి నేను అందుకుని పక్కన పెట్టాను. జేబులో చెయ్యి పెడితే గాజు వేడిగా ఉంది. ఆమె చేతిలో పెట్టాను.

"మా దిక్కు మారుమనువు ఉన్నది," అన్నాను. ఇంకా చాలా అనుకున్నాను. అంతే వచ్చింది.

ఆమె చాలాసేపు గాజునే చూసింది. "మా వైపు లేదండీ," అంది.

మెట్ల మీద నీళ్ళు జారుతున్న చప్పుడు వినబడింది. 

ఆమె గాజును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తొడుక్కుంది. బొటనవేలి దగ్గర ఆగి, లోపలికి జారింది. చెయ్యి ఎత్తి వెలుగులో తిప్పి చూసుకుంది. తర్వాత తీసేసింది. 

"ఒంటి గాజు ఎవరైనా వేసుకుంటారా అండీ? రెండో చెయ్యి ఏం చేసుకోను?"

నాకు నిజంగా తట్టలేదు. ఒకటి చేయడానికే తలప్రాణం తోకకొచ్చింది.

ఆమె గాజును పైన వేసుకున్న అబాయా జేబులో వేసుకుంది. "రెండోది చేసుకుని మా ఊరికి మీరే పట్టుకురండి. మా అన్నయ్యతో నేను మాట్లాడతాను. మీకు మాట రాదు కదా," అంది. చెత్త సంచి తనే తీసుకెళ్ళి పారేసింది.

30 జనవరి, పొద్దున 5

సరళమ్మను ఇస్మాయిల్ కారులో ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాడు. గేటు నేను తీశాను. మంచులో కారు వెనక లైట్లు రెండు, తర్వాత ఒకటి, తర్వాత ఎర్రటి మసక.

7 ఫిబ్రవరి

నా బిడ్డ ప్రేమలతకు ఫోన్ చేసి చెప్పాను.  "ఆమె పప్పు మంచిగ చేస్తదా బాపూ?" అని అడిగింది. చేస్తుందన్నాను. 

బిల్డింగు ఓనరును ఖురూజ్ అడిగాను. సరే అన్నాడు.

21 ఫిబ్రవరి, శుక్రవారం

రెండోది రవ్వంత పెద్దదైంది. ఊరి అన్నం తిని ఆమె చెయ్యి కాస్త ఒళ్ళు చేస్తుంది. సరిపోతుంది.