గుట్ట మీది నుంచి ఒక్క మోత

ప్రొద్దుటూరు,
బేస్తవారం.

చిరంజీవి తమ్ముడు ఓబులేసుకు,

అన్న పుల్లయ్య దీవించి రాసేది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, మరదలు, చిన్నమ్మ, మన జీవాలు అంతా చల్లగా ఉండాలని పొద్దున లేస్తూనే తలుచుకుంటాను. చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చుక్కల గొర్రె ఈనిందా? పిల్ల ఏది, పొట్టేలా, ఆడదా?

ఫోన్ పెట్టుకొని ఉత్తరం రాస్తున్నాడేంది అని నవ్వుకోవద్దు. ఆరు రోజులుగా నీ ఫోన్‌కు చేస్తే ఎవరో ఆడమనిషి అందుబాటులో లేదని చెప్తోంది. గుమాస్తా సామితో కూడా చేయించినాను. ఆయనకూ అదే మాట. అందుకని కాగితం తీసుకున్నాను. ఫోన్ దొరికినా నాకు నోరు రాదని నీకు తెలుసు. ఇది రాస్తే కాస్త నిమ్మళంగా ఉంటుంది.

ఇక్కడ పని కష్టం కాదు. పత్తి మిల్లు గేటు కాడ కూర్చోవడం, లారీ వస్తే తీయడం, పోతే వేయడం. పత్తి నుసి గొంతులో పడి పొద్దస్తమానం దగ్గు వస్తుంది. ఎండ మన ఊరి ఎండే గానీ రేకుల కింద ఇంకా ఎక్కువ. హోటల్లో అన్నం పెడతారు, సంగటి లేదు. తిన్నట్టే ఉండదు. అయినా బాగానే ఉన్నాను, నువ్వు దిగులు పెట్టుకోవద్దు. ఎవరైనా ఈ పక్కకు వస్తుంటే నా కంబళి, మరదలు నూరిన ఊరిబిండి కొంచెం ఇచ్చి పంపు.

ఆ రోజు రచ్చకట్ట కాడ కొడవళ్ళు లేచింది నేను చూసినానని పోలీసులు సాక్షుల్లో నా పేరు రాసుకోకుండా ఉంటే, ఈ పాటికి నీతోబాటే గుట్ట మీద ఉండేవాణ్ణి. ఒక పార్టీ వాళ్ళు చెప్పు అంటారు, ఇంకో పార్టీ వాళ్ళు చెప్పొద్దు అంటారు. మనం ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. నువ్వు ఊరు వదిలి పొమ్మన్నావని ఇక్కడికి వచ్చినాను. వాయిదా మళ్ళీ వేసినారు. వచ్చినప్పటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకున్నాను. గేటు కాడి నుంచి రోడ్డు దాకా, రోడ్డు నుంచి గేటు దాకా.

మొన్న నేను ఊరికి వచ్చి నిన్ను తిట్టిన సంగతి రాయాలి. నీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగినాను. ఎందుకు వచ్చినానో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

నువ్వు పొట్టేలును అమ్మి ఫోన్ కొన్నప్పుడు మాటకు ఎంత పడేదో గుర్తుందా? అందుకే కదా మనం ఆ కట్టుబాటు పెట్టుకున్నాం. మధ్యాహ్నం గొర్రెలు నీళ్ళు తాగి గుట్ట నీడకు చేరినాక నువ్వు ఒక్క మోత మోగించి పెట్టేస్తావు. అంటే అంతా క్షేమం. రెండుసార్లు మోగితే ఊరి పక్కకు రావొద్దని. నేను ఎత్తకూడదు, ఎత్తితే నాకూ దుడ్లు పోతాయి. ఈ ఏడు నెలలూ ఆ ఒక్క మోత కోసమే నా పొద్దు నడిచింది. అది మోగినాకే నేను అన్నానికి లేచేది. ఒక్కసారి కూడా నేను ఎత్తలేదు.

శుక్రవారం నాడు మోగింది. ఆగలేదు. దాని పాటికి అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ. నాలుగుసార్లు, ఓబులేసూ. నాలుగుకు మనం ఏమీ అనుకోలేదు కదా! ఇది నువ్వు కాదు, నీ ఫోన్ ఎవరో లాక్కున్నారు అనుకున్నాను. ఎత్తితే నేను యాడుండేదీ తెలిసిపోతుందని భయం. ఎత్తకపోతే నిన్ను ఏం చేస్తారో అని ఇంకో భయం. గేటు ఎవరికీ చెప్పకుండా వదిలేసి జమ్మలమడుగు బస్సెక్కినాను.

దిగి నేరుగా పెద్దాసుపత్రికి పోయినాను. వాకిట్లో ఉన్న మనిషిని, "అప్పా, కొట్లాటలో దెబ్బలు తగిలినోళ్ళు ఎవరన్నా వచ్చినారా?" అని అడిగినాను.

"ఏ ఊరోళ్ళు పెద్దాయనా? పొద్దున్నుంచి ఇద్దరొచ్చినారు. నీకు ఏ ఊరోడు కావాల?" అన్నాడు, సంతలో బేరం మాదిరి.

ఇద్దరినీ చూసినాను. నువ్వు కాదు. పరాయివాళ్ళకు దెబ్బలు తగిలితే సంతోషపడినాను. అది తప్పే.

మన ఊరి బస్సు దిగితే టీ అంగడి కాడ నాగన్న కూర్చొని ఉన్నాడు. చెప్పొద్దనే పార్టీలో ముందుండేది వాడే. చెవికి ఫోన్ పెట్టుకొని ఎవరితోనో మాట్లాడుతూ నన్ను చూసి ఆపినాడు.

"ఏం మామా, యాడికొచ్చినావు? సాక్ష్యం చెప్పేకా, గొర్రెల్ని చూసేకా?"

"తమ్మున్ని చూసేకి" అన్నాను.

"పో, పో, చూసుకో. మళ్ళీ బస్సు తప్పిపోతే మన జీపుంది లే, మేమే దింపుతాం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వినారు. ఆ జీపు ఎక్కినవాళ్ళు ఎక్కడ దిగుతారో నాకు తెలీదా?

గుట్ట ఎక్కేసరికి నువ్వు రాతి మీద కూర్చొని గొర్రె కాలి ముల్లు తీస్తున్నావు. నన్ను చూసి నవ్వినావు. "ఏంది న్నా, ఇంతసేపు చేస్తాంటే ఎత్తవు! రేటు తగ్గింది న్నా. మన దేశపోళ్ళే కొత్త కంపెనీ పెట్టినారు. ఇంక శానా చవక. నీ గొంతు విందామని చేస్తాండా" అన్నావు.

నాకు ఒళ్ళు మండింది. నవ్వుతున్నందుకు, బతికున్నందుకు కూడా మండింది. "కట్టుబాటు తప్పినావు, నీకు బుద్ధి లేదు, నీ ఫోన్ గంగలో కలిసిపోనీ" అన్నాను. నీ మొహం చిన్నబోయింది. నేను చూసినాను. చూసి కూడా గుట్ట దిగినాను.

మిల్లుకు వచ్చి గుమాస్తా సామితో చెప్తే తల కొట్టుకున్నాడు. "వచ్చిన ఫోన్ ఎత్తితే మనకేం పడదు మామా. ఎప్పుడో ఎత్తేసినారు ఆ లెక్క. ఇంక ఊళ్ళన్నిటికీ చవకే. రిక్షావాడు, కూరగాయలామె, అందరూ ఫోన్లలోనే ఉండారు. నువ్వొక్కడివే ఎత్తకుండా కాపలా కాస్తాండావు" అన్నాడు. నిజమే. రోడ్డు మీద చూస్తే ఎవరి నోరూ ఖాళీగా లేదు. ముందు ఎస్టీడీ అంగడిలో మీటరు చూస్తూ మాట్లాడినవాళ్ళు ఇప్పుడు ఇంట్లో కూరేందో కూడా ఫోన్లో అడుగుతున్నారు.

ఆ రోజు నుంచి నీ నుంచి మోత లేదు. తిట్టినందుకు అలిగినావా, నాగన్న నన్ను చూసినందుకు నీకేమన్నా అయిందా? అలిగి ఉంటే మంచిదే. అలిగినావని ఎవరన్నా వచ్చి చెప్తే వాళ్ళ కాళ్ళకు మొక్కుతాను. మధ్యాహ్నం అన్నం దిగడం లేదు. నాదే తప్పు తమ్ముడూ. నీ గొంతు వినడం నాకూ ఇష్టమే. వినాలంటే ఎత్తాలని తెలీలేదు.

ఇక్కడిదాకా రాసి ఆపినాను. పైన రాసింది కొట్టేయను, అట్లే ఉండనీ.

ఇప్పుడు మోగింది. ఒక్క మోత అయింది, ఆగలేదు. రెండోది వచ్చింది. ఏది ఒత్తాలో తెలీక వెతుక్కున్నాను. ఎత్తినాను.

"న్నా, ట్రాన్స్‌ఫారం కాలిపోయింది. ఊరంతా చీకటే. ఫోన్‌కు చార్జింగ్ లేకపాయ. ఇప్పుడే రాజుపాలెంలో పెట్టించుకొని గుట్టెక్కినా" అన్నావు.

"ఊ" అన్నాను.

"కోపం పోయిందా?"

"ఊ."

"చుక్కల గొర్రె ఈనింది న్నా. ఆడపిల్ల."

నేను ఏదో అనాలనుకున్నాను. రాలేదు. నువ్వూ ఆపేసినావు. పెట్టేస్తావు అనుకున్నాను. పెట్టేయలేదు. గొర్రెల మెడగంటలు వినిపించినాయి, గుట్ట మీది గాలి వినిపించింది, నువ్వు చీపురు పొదను తప్పించుకుంటూ నడిచే చెప్పుల చప్పుడు కూడా. లారీ వచ్చి హారన్ కొడుతున్నా లేవలేదు నేను. మాట లేకుండా ఊరికే పట్టుకొని కూర్చునేంత చవకైపోయింది, ఓబులేసూ.

రేపటి నుంచి రెండు మోతలు దాటితే ఎత్తుతాను. మాట్లాడకపోయినా పెట్టేయొద్దు. నాగన్న జీపు గుట్ట పక్కకు వస్తే మాత్రం రెండు మోతలు మోగించి ఆపేయ్, ఆ కట్టుబాటు అట్లే ఉండనీ.

చిన్నమ్మ కాళ్ళకు నా మొక్కులు చెప్పు, ఆమె దీవెన నాకు కావాల. మరదలికి, అడిగినవాళ్ళందరికీ నేను క్షేమమని చెప్పు. కొత్త పిల్లకు పాలు చాలుతున్నాయో లేదో చూసుకో.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
పుల్లయ్య