మంచు తీసిన దారిలో రాని బండి

యుకినోసావ పట్టణ కార్యాలయ పౌరసేవల విభాగాధిపతి గారి సముఖమునకు, ఎగువ వీధి నివాసి తొగాషి యసుజిరో సమర్పించుకొను అర్జీ.

విషయం: పట్టణ సర్వర్‌లోని రెండు సేవల లాగిన్‌లు ఒకదానినొకటి తుడిచివేయుట; నా భార్య హత్సుయె మరణమునకు "వాడుకరి పొరపాటు" కారణమని నమోదైన మాటను కొట్టివేయుట గురించి.

అయ్యా,

1. నా భార్య, మూత్రపిండాలు చెడిపోయినందున, రోజు విడిచి రోజు లోయలోని ఆసుపత్రికి డయాలసిస్ కోసం వెళ్లేది. తీసుకుపోవడానికి పట్టణం వారి బండి ఉన్నది. దానికి ముందురోజే వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. మా ఇంటి దారిలో మంచు తీయించమని కోరడానికి ఇంకొక సేవ. దారి లేనిదే బండి రాదు కనుక చలికాలంలో మాకు రెండూ కావాలి.

2. జనవరిలో పెద్ద మంచు పడినప్పుడు బండి సేవలో లాగిన్ అయి వివరాలన్నీ నింపాను. దారి ఎన్నింటికి తీస్తారో తెలిస్తేగాని బండి వేళ చెప్పలేను. అందుచేత రెండో సేవలో లాగిన్ అయి, దారి తీయమని కోరి, వేళ తెలుసుకుని, వెనక్కి వచ్చి "నిర్ధారించు" నొక్కాను. మొదటి పేజీ వచ్చింది. తప్పు జరిగినట్టు ఒక్క ముక్క లేదు. పని అయిందనుకున్నాము.

3. మరునాడు యంత్రం వచ్చి దారి చక్కగా తీసింది. హత్సుయె కోటు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది. బండి రాలేదు. కార్యాలయానికి ఫోన్ చేస్తే, నమోదులన్నీ వెబ్‌సైట్‌లోనే చేసుకోమని రికార్డు చేసిన గొంతు చెప్పి పెట్టేసింది.

"అంబులెన్స్ పిలుస్తాను" అన్నాను.

"నడవగలిగిన మనిషికి అంబులెన్స్ ఏంటండీ? నలుగురూ నవ్వుతారు. రేపటికి బండి చెప్పండి, చాలు" అంది హత్సుయె.

ఆసుపత్రివారు కూడా రేపు తప్పక రమ్మన్నారు. రేపటికి బండి నమోదు చేశాను. మళ్లీ మంచు పడుతుందన్నారు గనుక దారికీ నమోదు చేశాను. అదే వరుసలో, దారి వేళ చూసి వచ్చాకే బండికి "నిర్ధారించు" నొక్కాను. మళ్లీ దారి తీశారు, బండి రాలేదు. మధ్యాహ్నానికి ఆమె కాళ్లు పట్టు తప్పాయి. అప్పుడు పిలిచిన అంబులెన్స్ ఆ శుభ్రమైన దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఆసుపత్రి చేరకముందే ఆమె గుండె ఆగిపోయింది.

4. తమ కార్యాలయంలో ఒకరు, పేరు వ్రాయను, నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "తాతగారూ, ఆ రెండూ ఒకే సర్వర్ మీద నడుస్తున్నాయి. లాగిన్ అయ్యారని గుర్తుగా మీ ఫోన్‌లో ఒక చీటీ ఉంచుతాయి. రెండూ దానికి ఒకటే పేరు పెట్టాయి. రెండోదాంట్లోకి వెళ్లగానే మొదటిదాని చీటీ చెరిగిపోతుంది. ఇక అది మిమ్మల్ని గుర్తుపట్టదు."

"ఇది మీకు ముందే తెలుసా అమ్మా?"

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. "పై అధికారులకు రాశాం. ఎండలు వచ్చాక చూద్దామన్నారు."

5. తమ జవాబులో "వాడుకరి ఒకే సమయమున రెండు సేవలను తెరచినందున" అని ఉన్నది. తెరిచాను, కాదనను. రెండూ తెరవకుండా ఆమెను ఆసుపత్రికి ఎలా చేర్చవలెనో మాత్రం ఆ జవాబులో లేదు.

కావున ఆ చీటీలకు వేర్వేరు పేర్లు పెట్టించవలెను. లేదా ఒక్క లాగిన్‌తో రెండూ నడిచేలా చేయించవలెను. లాగిన్ తెగిపోతే తెగిపోయిందని తెర మీద చెప్పించవలెను. పరిహారం కోరడం లేదు. ఆమె పేరు పక్కన "పొరపాటు" అన్న మాట ఉండకూడదు. ఇంతమాత్రము తాము చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
తొగాషి యసుజిరో

తా.క.: మా కింది ఇంటి మియౌచి సదకో భర్తకు ఈ నెల నుంచి డయాలసిస్ మొదలైంది. "తొగాషిగారూ, ఫోన్‌లో ఎలా నొక్కాలో కాస్త చూపించరూ" అంటూ వచ్చింది. "బండి ఒక్కటే నొక్కమ్మా, మంచు జోలికి పోకు" అన్నాను. "మరి దారో?" అంది. వాళ్లది చిన్న దారి. పార పట్టుకుని నేనే తీస్తున్నాను. నాకు ఎనభై ఒకటి. ఇవాళ సగంలో కూర్చుండిపోయాను. కాస్త తొందరగా చూడు బాబూ.