తొమ్మిది అంటే మంచా, చెడా?

దుర్సున్,

మినీబస్సు హారన్ కొడుతోంది, పంటి డాక్టరు దగ్గరికి పోతున్నాను. బుల్గుర్ గోధుమ రవ్వ వండి పొయ్యి మీద ఉంచాను, చల్లారకముందే తిను. మధ్యాహ్నంలోగా సహకార సంఘానికి ఫోన్ చేసి ఏ విత్తనం కావాలో చెప్పాలి. ముందు ఇది చదువు.

గోధుమ రకాల ఫలితాల కాగితాలు రెండూ రొట్టెల డబ్బా కింద పెట్టాను. పొద్దున్నుంచి చూసి చూసి బుర్ర వాచిపోయింది. మనం పోయినేడు వేసిన అక్‌తెపె రకానికి చలి గడిలో తెల్ల కాగితం రెండు వేసింది, పచ్చ కాగితం తొమ్మిది వేసింది. ఒకే రకానికి ఇదేం చోద్యం? కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలు! తెల్లదాంట్లో తొమ్మిదంటే చలికి బాగా ఓర్చుకుంటుందట. పచ్చదాంట్లో తొమ్మిదంటే చలికి చచ్చిపోతుందట.

ఈసారి బోజ్‌కయా రకం వేద్దామనుకుంటున్నాను. అదీ తిరగేసి చదివానేమో, నువ్వూ ఒకసారి చూడు.

నెజిహె అక్క

పోయినేడు మన దగ్గరున్నది పచ్చ కాగితమే. "తొమ్మిదిరా!" అని మురిసిపోయింది నేను. "చదువుకున్నదానివి, నువ్వేదంటే అదే అక్కా" అన్నావు నువ్వు. చేను చలికి పోతే, నువ్వు ఆలస్యంగా విత్తావని ఊరంతా చెప్పుకొచ్చాను. నువ్వు సరిగ్గానే విత్తావురా. సాయంత్రం టీ కొట్టులోనే ఉండు. ఆడవాళ్లు రాకూడదన్నా సరే, లోపలికొచ్చి అందరి ముందూ నేనే చెప్తాను.