అతని వీపు కింద నీ చెయ్యి

పాక్సోస్ దీవి,
సెప్టెంబరు 26, 1989.

గౌరవనీయులైన ఎవాంథియా గారికి,

గెరాసిమోస్ భార్య స్టమాటెల్లా రాస్తున్న ఉత్తరం. మా ఇంట్లో అందరం కులాసా. మీ ఆరోగ్యం సంగతి అడగనక్కర్లేదు, రోజూ పొద్దున మీరెంత దూరం ఈదుతున్నారో ఊరంతా చెప్పుకుంటోంది. ఈ ఏడు ఆలివ్ కాపు బాగుంది. రాలే కాయల కోసం చెట్ల కింద వలలు పరవడానికి ఇంకా టైముంది.

ఒకే వీధిలో పెరిగి, బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న మనిషికి ‘గారు’ తగిలించి రాస్తున్నానంటే ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. పిరయస్‌లో నర్సు ఉద్యోగం ముగించుకుని, భర్త పోయాక మీరు ఈ వసంతంలో తిరిగొచ్చి గులకరాళ్ళ ఒడ్డు మీది ఇంట్లో దిగారు. అప్పటినుంచి నేను మీ గడప తొక్కలేదు. మీరూ పిలవలేదు.

గెరాసిమోస్ మొదట అడిగింది మిమ్మల్ని. మరియమ్మ తల్లి పండుగ రోజు చర్చి ముందు మీతో డాన్సు చేసి, అందరూ వింటుండగానే అడిగాడు. మీరు నవ్వేసి ఓడెక్కి వెళ్ళిపోయారు. మీరు వద్దన్న మనిషిని నేను చేసుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం ఒక్కరోజూ మరిచిపోలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఆగస్టు చివర్లో మొదలైంది. పొద్దున్నే కాఫీ తాగి, ఒడ్డు పక్కనున్న మా తోటలో రాతిగోడ కూలిందంటూ బయల్దేరేవాడు. ఆ గోడలు కూలుతూనే ఉంటాయి కదా, నిజమే కాబోలనుకున్నాను. కానీ గోడ కట్టేవాడు గడ్డం గీసుకుని వెళ్తాడా? ఇంటికొచ్చేసరికి చెవుల వెనక తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది. బనియను ఉతుకుతుంటే సముద్రం వాసన. చివరికి రొట్టెల కొట్టులో కల్లిరోయి అందరి ముందూ అడగనే అడిగింది: “ఏమే స్టమాటెల్లా, మీ ఆయన కడుతున్నది గోడా, కోటా? ఎంతకీ అవదేం?” కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. రొట్టె తీసుకోకుండానే వచ్చేశాను.

మొన్న శనివారం అతని వెనకాలే వెళ్ళాను. నీళ్ళకు దగ్గరగా ఉన్న ఆ ముసలి ఆలివ్ చెట్టు తొర్రలో దూరి కూర్చున్నాను. చిన్నప్పుడు మనమిద్దరం దూరినా అందులో చోటు మిగిలేది. ఇప్పుడు నా ఒక్కదానికే ఇరుకైంది. ఆకు కదలడం లేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగునున్న రాళ్ళు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. కాబట్టి నా కళ్ళు పొరబడ్డాయని సరిపెట్టుకునే వీలు కూడా లేకపోయింది. నా మొగుడు నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని వీపు కింద నీ చెయ్యి.

చూశావా, ‘మీరు’ జారిపోయింది. పోనీలే, ఇక నువ్వే.

చేతికందిన గులకరాయి తీసుకుని నీ ఈత టోపీకి గురిపెట్టాను. అప్పుడు అతని గొంతు వినిపించింది. “వదలకు ఎవాంథియా! మరియమ్మ తల్లి మీద ఒట్టు, వదిలావంటే చస్తాను!”

“వదిలి చాలాసేపయింది ముసలోడా. నోరు మూసుకో, నీళ్ళు పోతాయి,” అన్నావు నువ్వు.

అతను నవ్వాడు. చిన్నపిల్లాడిలా, ఒళ్ళంతా వదిలేసి. అలాంటి నవ్వు నా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. రాయి విసిరేదాన్నే. ఇంతలో ఆ నవ్వు కాస్తా ఏడుపైంది.

మీరిద్దరూ ఒడ్డుకొచ్చి కూర్చున్నాక అనుకున్నవన్నీ విన్నాను. సెలవులకొచ్చిన మా అబ్బాయి కూతురు అరెతిని, కొండ మీంచి దిగిన గాలి, ఈత ట్యూబుతో సహా లోతుకి తోసుకుపోయిందట. తాత నడుంలోతు నీళ్ళలో నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాడట. నువ్వు ఈదుకుంటూ వెళ్ళి పిల్లను తెచ్చావట. ఇదంతా నాకు ఒక చెట్టు తొర్రలో తెలిసింది! చెప్పొద్దని ఆ పిల్ల చేత కూడా ఒట్టు వేయించుకున్నాడట.

“స్టమాటెల్లాకి చెప్పకు. ఈత వచ్చాక నేనే చెబుతా,” అన్నాడు.

“పెళ్ళానికి చెప్పుకోలేనిది తెచ్చి నా నెత్తిన పెడుతున్నావు. నాకిది బాగాలేదు గెరాసిమోస్. ఇవాళే చెప్పు,” అన్నావు.

ఆ రాత్రి పప్పు చారు వడ్డిస్తూ గోడ ఎంతవరకొచ్చిందని అడిగాను. ఇంకాస్త ఉందన్నాడు. “ఉప్పుతో కడుతున్నావా ఏం?” అన్నాను. చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. అంతా చెప్పాడు. “అది ‘తాతా’ అని పిలుస్తుంటే నా కాళ్ళు కదల్లేదే,” అన్నాడు. నా ఒళ్ళో తల పెట్టుకుని అతను ఏడవడం అదే మొదలు.

ఎవాంథియా, నా మనవరాలిని బతికించావు. నీకు రెండు చేతులా మొక్కుతున్నాను. అయినా ఒక మాట. అతను బెంబేలెత్తిన రోజు పక్కనున్నది నువ్వు, నేను కాదు. అది నాకింకా మండుతూనే ఉంది. బాదం మిఠాయి పంపుతున్నాను. నిన్ను తిట్టుకుంటూనే చేశాను, అయినా తియ్యగానే కుదిరింది. కల్లిరోయి చేత పంపితే ఊరంతా చాటుతుంది కాబట్టి, కవరంటించి గెరాసిమోస్ చేతికే ఇస్తున్నాను.

ఒకప్పటి నీ నేస్తం,
స్టమాటెల్లా

తా.క.: కవరంటించబోయి ఆగాను. పైన రాసిందంతా నిజమే, కానీ అసలుది రాయలేదు. ఆ తొర్రలో కూర్చున్నప్పుడు అతన్ని నీ చేతుల్లోంచి లాక్కోవాలని నాకనిపించలేదు. అతన్ని పక్కకు నెట్టి ఆ నీళ్ళ మీద నేను పడుకోవాలనిపించింది. నా అసూయ నీ మీద కాదు, అతని మీద. ఈ ఒడ్డునే పుట్టి, ఈ చెట్ల కిందే కాయలేరుతూ ముసలిదాన్నయ్యాను. అమ్మ నన్ను నీళ్ళలోకి పోనిచ్చేది కాదు, పెళ్ళయ్యాక దిగుతావా అని అడిగేవాళ్ళే లేరు. సముద్రం నన్ను మోకాళ్ళ పైకి తడపలేదు. వచ్చే మంగళవారం అతను పళ్ళ డాక్టరు దగ్గరికి పక్క దీవి కోర్ఫు వెళ్తున్నాడు. ఆ పొద్దున నేనొస్తాను. ఈత బట్టలు లేవు. అమ్మ పోయినప్పుడు కుట్టించుకున్న నల్ల గౌనుంది. నీళ్ళలో అది మరీ బరువెక్కుతుందంటావా?