ప్లస్సా, మైనస్సా

జూన్ 3
లెక్క తేలింది. కార్బన్ మోనాక్సైడ్ బంధం కంపిస్తూ సాగినప్పుడు విద్యుదావేశం ఎంత పక్కకు జరుగుతుందో, అది పీల్చుకునే పరారుణ కాంతి చెబుతుంది. ఎటు జరుగుతుందో మాత్రం చెప్పదు — కాంతి తీవ్రతలో ఉండేది దాని వర్గమే, వర్గం చేసేసరికి గుర్తు మాయం. దాన్ని విడిగా లెక్క కట్టాలి. ఏ పద్ధతిలో చేసినా ప్లస్సే.

జూన్ 9
గైడ్ సార్‌కు చూపించాను. ఆయన పాత పేపర్‌లో మైనస్ ఉంది.
"నాకన్న ఎక్కువ సదివినవా? మైనస్ పెట్టు. లేకుంటే సంతకం లేదు."
నాతోపాటే రీసెర్చ్‌లో చేరిన లావణ్య పక్క టేబుల్ నుంచి అంతా వింది. "కొట్లాడకే. పీహెచ్‌డీ అయిపోనియ్."

జూన్ 10
పెట్టాను.

ఆగస్టు 21
వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నేరుగా ఆ పేజీయే తీశాడు. "ఈ గుర్తు ఎట్లా వచ్చిందమ్మా?"
సార్ వైపు చూశాను. నవ్వాడు. "మస్తుసార్లు చెప్పిన సార్. వినదు."
లావణ్య వైపు చూశాను. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది...
థీసిస్ వెనక్కి.
మగ్గం ఆపి నకిరేకల్ నుంచి వచ్చిన నాయినతో, అందరి ముందే, సార్ — "మీ బిడ్డకు ప్లస్సు మైనస్సు తెల్వది పెద్దమనిషీ. మగ్గం మీద కూసోబెట్టు."
నాయిన లేచి చేతులు జోడించాడు. "తప్పయింది సార్."

ఆగస్టు 22
రాయలేను.

సెప్టెంబర్ 14
సార్ జర్నల్‌కు కొత్త పేపర్ పంపాడు. నా లెక్కే. ప్లస్ గుర్తుతో. మొదటి పేరు ఆయనది, రెండోది లావణ్యది. నాది లేదు.
"నేను అడగలేదే, సారే పెట్టిండు," అంది లావణ్య. వద్దని కూడా అనలేదు.

అక్టోబర్ 5
రేపు లావణ్య వైవా. మధ్యాహ్నం క్యాంటీన్‌లో స్లైడ్లు ముందు పెట్టింది. "జర సూడవే. తప్పుంటే చెప్పు."
హైడ్రోజన్ క్లోరైడ్ దగ్గర — బంధం సాగేకొద్దీ ద్విధ్రువ భ్రామకం మారే రేటు ఉండాల్సిన చోట ద్విధ్రువ భ్రామకాన్నే పెట్టింది. ఆ కింద లెక్క కట్టిన కాంతి తీవ్రతలన్నీ తప్పు. వచ్చేది ఆ పరీక్షకుడే. వదలడు.
"మంచిగుంది," అన్నాను.
"నిజంగనా?"
"నిజంగనే."
చెయ్యి పట్టుకుంది. "నువ్వు సూసినంక నాకు ఫికర్ లేదు."
హాయిగా అన్నం తిన్నాను.

అక్టోబర్ 6
హాల్లో కూర్చుని రాస్తున్నాను. దేవరకొండ నుంచి వాళ్ళమ్మ వచ్చింది, నా పక్కనే కూర్చుంది. "నువ్వేనా బిడ్డా, మా లావణ్యకు సాయం జేసింది?"
తలూపాను.
మొదటి స్లైడ్ పడింది. హైడ్రోజన్ క్లోరైడ్ ఇంకా రాలేదు. ఇక్కణ్ణుంచి పిలిస్తే లావణ్యకు వినబడుతుంది...